దుప్పి ముక్కుకి దొరక్కుండా కాపు కూర్చోవడం ఎలా

ఏప్రిల్ సగమయ్యేసరికి నెల్లూరు వైపు వెలిగొండల కింద వాగులన్నీ మడుగుల్లోకి కుంచించుకుపోతాయి. కొండ మీద గడ్డి ఎండిపోతుంది. దుప్పులు, కణితులు (సాంబార్ జింకలు) పొద్దు వాలేవేళ నీళ్లకి దిగుతాయి. పెంచలకోన, రాపూరు, ఉదయగిరి, సీతారామపురం వైపు కొండ వార ఊళ్లలో పుట్టినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. ఈ మధ్య కుర్రాళ్లు చాలామంది కెమెరాలు కొనుక్కుని అదే వేళకి అక్కడికి వస్తున్నారు. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను.

నేను మొదటిసారి కాపు కూర్చున్నది మా మేనమామ చేను చివర కుంట దగ్గర. ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ టోపీ, మీద చింతకొమ్మలు. మూడు గంటలు కదల్లేదు. పదకొండు దుప్పులు దిగాయి. ముందు నడిచే ఆడదుప్పి నాకు నలభై అడుగుల దూరంలో ఆగింది. తల ఎత్తింది. నాలుకతో ముక్కు తడుపుకుంది, ఒకసారి, రెండోసారి. తర్వాత ముందు కాలితో నేలని టప్పున కొట్టింది. ఒకే ఒక్క కూత. మంద మొత్తం పొదల్లో కలిసిపోయింది. వాటిలో ఒక్కదాని మూతి కూడా తడవలేదు.

కారణం ఇంటికొచ్చాక తెలిసింది. ఆ చొక్కా బీరువాలో కలరా ఉండల పక్కన ఆర్నెల్లు ఉంది. నా ముక్కుకి అలవాటైపోయి నాకు తెలియలేదు. ఆ రోజు ఎండ నలభై మూడు డిగ్రీలు. ఆ దుప్పులు మళ్లీ ఎప్పుడు దిగి నీళ్లు తాగాయో నాకు తెలీదు. అప్పట్నుంచి కాపుకి వెళ్లేముందు నా సామాను వాసన గురించి పట్టించుకుంటున్నాను. ఫొటో కోసం కొంత, ఆ నీళ్ల కోసం ఎక్కువ.

ఇంకో మాట మొదట్లోనే చెప్పాలి. వాసన దాచడం అనే విద్య అమెరికాలో తెల్లతోక జింకల్ని వేటాడేవాళ్ల దగ్గర బాగా పెరిగింది. అక్కడ సీజను ప్రకారం లైసెన్సు మీద వేట ఉంది. మన దేశంలో లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పి, కణితి, కృష్ణజింక అన్నిటి వేటా నేరమే. ఆ చట్టంలో వేట అంటే తుపాకి పేల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం, వాటికి ప్రయత్నించడం కూడా వేటే. అంటే మంచి ఫొటో కోసం కుంట దగ్గర ఉప్పు గడ్డలు పెట్టడం, గింజలు చల్లడం మన పని కాదు. అలాంటివి చేసేవాళ్లు ఈ కాగితం ఇక్కడే మూసేయొచ్చు. పెనుశిల నరసింహ అభయారణ్యం లోపలికి ఫొటోలకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి, వాళ్ల మనిషి వెంట ఉండాలి. ఎర్రచందనం అడవుల్లో అనుమతి లేకుండా తిరిగే మనిషిని ఎవరూ ఫొటోలు తీసేవాడని అనుకోరు. నేను చెప్పేదంతా అడవి హద్దుకి బయట, మన చేలల్లో, చేను యజమానికి చెప్పి కూర్చునే కాపు గురించి.

ముందు గాలి, తర్వాతే సబ్బు

ఎంత ఉతికినా మనిషి వాసన పూర్తిగా పోదు. మనం ఊపిరి వదులుతూనే ఉంటాం, చెమట పోస్తూనే ఉంటుంది, చర్మం పొట్టు కంటికి కనపడకుండా రాలుతూనే ఉంటుంది. ఉతకడం వల్ల జరిగేది ఒకటే. వాసన తగ్గుతుంది, దుప్పికి అది అందే దూరం తగ్గుతుంది. గాలి మీ వీపు మీదుగా దుప్పి వైపు పోతుంటే ఎంత వంటసోడాతో ఉతికినా లాభం లేదు. గాలి దుప్పి వైపు నుంచి మీ మొహానికి కొడుతుంటే, ఉతకని చొక్కాతో కూర్చున్నా చాలాసార్లు గడిచిపోతుంది. అందుకని గాలి చూడటం నేర్చుకోకుండా సామాను ఉతకడం మొదలుపెట్టొద్దు.

ఇది నాకు నేర్పింది మా ఊరి యానాది పెద్దాయన ఒకరు. నా కలరా ఉండల కథ విని ఆయన నవ్వలేదు. నన్ను కుంట గట్టు మీదికి తీసుకెళ్లి, పక్కన ఎండిన జిల్లేడు కాయ చీల్చి, అందులో పట్టులాంటి దూదిని ఒక పోగు తీసి వదిలాడు. అది వాగు వెంబడి మెల్లగా పల్లానికి తేలుతూ పోయింది.

"అబ్బయ్యా, నీళ్లు ఎట్టా పల్లానికి పారతాయో సాయంత్రం చల్లగాలి గూడా అట్టా పారతాది. నువ్వు యాడ కూకుంటే నీ వాసన యాడికి పోతాదో ముందు జూసుకో. బట్టలు తర్వాత."

ఆ దూది ఇప్పటికీ నా జేబులో చిన్న డబ్బాలో ఉంటుంది. వేసవిలో గట్ల మీద జిల్లేడు కాయలు పగులుతాయి, రెండు కాయలు తెచ్చుకుంటే ఏడాదికి సరిపోతుంది. కాయ కోసేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోండి, చాలా ప్రమాదం. పూర్తిగా ఎండి పగిలిన కాయే తీసుకోండి. విబూది ఊది కూడా గాలి చూడొచ్చు, కానీ అది రెండడుగుల్లో కనపడకుండా పోతుంది. జిల్లేడు దూది ముప్పై నలభై అడుగులు కంటికి కనపడుతూ పోతుంది. మధ్యలో ఎక్కడ సుడి తిరుగుతుందో, ఎక్కడ వెనక్కి మళ్లుతుందో చూపిస్తుంది. మనకి కావాల్సింది అదే. కొన్న పౌడరు వాడొద్దు, అందులో సెంటు ఉంటుంది.

మన కొండల దగ్గర గాలి నడక ఇలా ఉంటుంది. వెలిగొండలు ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతాయి, నెల్లూరు వైపుది తూర్పు వాలు. పొద్దు పొడవగానే మొదటి ఎండ ఈ వాలుకే తగులుతుంది. రాయి వేడెక్కుతుంది, గాలి పైకి లేస్తుంది. అందుకని పొద్దున్నే చల్లగా కిందికి పారిన గాలి, ఎండ పడిన గంట సేపట్లో మీదికి తిరుగుతుంది. సాయంత్రం దీనికి రివర్స్. సూర్యుడు కొండ వెనక్కి పోగానే తూర్పు వాలు మీద నీడ పడుతుంది, అసలు అస్తమయానికి ఇంకా చాలా సేపు ఉండగానే. నీడ పడిన చోట గాలి చల్లబడి వాగు వెంబడి కిందికి పారడం మొదలెడుతుంది. ఈ రెండు పూటలా గాలి తిరిగేటప్పుడు పది పదిహేను నిమిషాలు దానికి దిక్కు ఉండదు. అప్పుడు మీ వాసన నాలుగు వైపులా చేరుతుంది. ఆ సమయానికి దుప్పులు దిగుతున్నాయంటే లేచి వెనక్కి వచ్చేయడమే మంచిది.

దీన్నిబట్టి చోటు ఎంచుకోండి. తెల్లవారుజాము కాపైనా, సాయంత్రం కాపైనా, కుంటకి దిగువ వైపు కూర్చోవాలి. దుప్పులు కొండ మీది నుంచి దిగుతాయి, మీ వాసన పల్లానికి పోతుంది. నలభై, యాభై మీటర్ల దూరం ఉంచండి. మధ్యాహ్నం గాలి మీదికి లేచే వేళ దిగువన కూర్చుంటే మీ వాసన నేరుగా కొండ ఎక్కుతుంది. కాబట్టి పగలు పదింటి నుంచి మూడింటి దాకా అసలు కూర్చోకండి. మే నెలలో పడమటి వడగాలి కొండ దాటి దిగే రోజుల్లో ఈ లెక్క మొత్తం తప్పుతుంది. ఆ గాలి బలంగా, ఒకే దిక్కున వీస్తుంది కాబట్టి ఒక రకంగా సులువే. కుంటకి తూర్పున కూర్చుంటే చాలు. పెద్ద బండరాయి పక్కన, వాగు మలుపులో, గట్టు మూలలో కూర్చోకండి. గాలి అక్కడ గిరికీ కొట్టి వెనక్కి వస్తుంది.

మంచె ఉంటే ఇంకా మేలు. వాసన పైనుంచి బయల్దేరి దూరంగా పోయి దిగుతుంది. కానీ చల్లబడ్డాక అది కూడా దిగుతుంది, మంచె ఎక్కామని గాలి చూడటం మానకూడదు.

బట్టలు ఉతకడం

కాపుకి ఒక జత బట్టలు విడిగా పెట్టుకోండి. మిగతా పనులకి వాటిని వేసుకోవద్దు. నూలు బట్టలే మంచివి. మన చెమటకి పుట్టుకతో పెద్ద వాసన ఉండదు. చంకల్లో చర్మం మీద ఉండే సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడితే వాసన పుడుతుంది. పాలిస్టరు నూలు కంటే ఆ వాసనని గట్టిగా పట్టుకుంటుంది, ఉతికినా మొత్తం వదలదు. ఆటల బట్టల కొట్టులో అమ్మే జారుడు టీషర్టులు తొందరగా ఆరతాయని తీసుకుంటారు. ఈ పనికి అవి పనికిరావు. ముతక నూలు చొక్కా, పాత ఖాకీ ప్యాంటు చాలు.

బట్టల పొడి వాడొద్దు. రెండు కారణాలు. ఒకటి దాని సెంటు. రెండోది చాలామందికి తెలియదు. బట్టలు తెల్లగా మెరవడానికి ఆ పొడుల్లో కలిపే పదార్థాలు అతినీలలోహిత కాంతిని తీసుకుని నీలికాంతిగా వదులుతాయి. దుప్పుల జాతి కళ్లకి ఎరుపు, నారింజ మనలా కనపడవు, నీలం వైపు మాత్రం చూపు బాగుంటుంది. తెల్లతోక జింకల మీద చేసిన పరిశోధనల్లో అవి మనకి కనపడని ఆ అతినీలలోహిత కాంతిని కూడా కొంత చూడగలవని తేలింది. చీకటి పడేవేళ మీ చొక్కా మీకు ముదురు ఆకుపచ్చే, దుప్పికి మాత్రం మెరుస్తూ ఉండొచ్చు. నీలిమందు కూడా పెట్టొద్దు.

నేను కుంకుడుకాయలతోనే ఉతుకుతాను. ఒక జతకి పదిహేను కాయలు. చితక్కొట్టి, గింజలు తీసేసి, రెండు లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే పావుగంట మరిగించి, చల్లారాక వడకట్టండి. బట్టల్ని ముందు మామూలు నీళ్లలో జాడించి, ఆ కుంకుడు రసంలో అరగంట ఉంచి, చంకలు, మెడపట్టీ, నడుముపట్టీ చేత్తో బాగా నలపండి. నురగ తక్కువొస్తుందని కంగారు పడొద్దు. తర్వాత అర బకెట్టు నీళ్లలో నాలుగు చెంచాల వంటసోడా కలిపి మరో అరగంట నానబెట్టండి. చెమట వాసనలో ఎక్కువ భాగం ఆమ్లాలే, సోడా వాటిని చంపుతుంది. చివర్న మూడుసార్లు జాడించండి. సోడా బట్టల్లో మిగిలితే చర్మం దురద పెడుతుంది.

వాషింగ్ మెషీనులో వేయాలనుకుంటే ముందు ఖాళీ మెషీనుని ఒకసారి నీళ్లతో తిప్పండి. ఇంట్లోవాళ్ల బట్టల పొడి డ్రమ్ములో, గొట్టాల్లో ఉండిపోతుంది. నేను ఒకసారి ఇది మర్చిపోయి కుంకుడు శ్రమంతా వృథా చేసుకున్నాను.

ఆరేయడం కూడా పనే. వంటగది కిటికీ పక్కన ఆరేస్తే పోపు వాసన పట్టేస్తుంది. పెరట్లో, పొగ తగలని చోట, నేరుగా ఎండలో ఆరేయండి. ఎండకి సూక్ష్మజీవులు కూడా కొంత చస్తాయి. ఎండిన వెంటనే తీసి, కొత్త పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టేయండి. పాత సంచి వద్దు, ఏ కొట్టు సంచైతే ఆ కొట్టు వాసన ఉంటుంది. సంచి కొన్నాక విప్పి ఒకరోజు గాలికి పెట్టండి, ప్లాస్టిక్ వాసన తగ్గుతుంది. సంచిలో చేలగట్టున దొరికే ఎండిన తంగేడు ఆకు, గడ్డి గుప్పెడు వేస్తాను. దానితో మన వాసన పోదు. ఆ చుట్టుపక్కల ఉండే వాసన కొంచెం బట్టలకి పడుతుంది, అంతే. అభయారణ్యం లోంచి మాత్రం ఆకు కూడా తేవద్దు. అక్కడి నుంచి ఏది తీసుకెళ్లినా తప్పే.

బీరువాలో పెట్టొద్దని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటాను.

బొగ్గు నింపిన బట్టలు, ఓజోన్ మెషీన్లు అమ్మేవాళ్లు ఉన్నారు. ఉత్తేజిత బొగ్గు వాసనని పట్టుకునే మాట నిజం. కానీ ఒకసారి నిండాక దాన్ని మళ్లీ ఖాళీ చేయడానికి కావాల్సిన వేడి మన ఇంట్లో ఎండకీ, ఇస్త్రీకీ రాదు. ఓజోన్ ఊపిరితిత్తులకి చెడు, రబ్బరుని కూడా తినేస్తుంది. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి.

కాళ్లు

వాసన నేల మీద మిగిలేది కాళ్ల దగ్గరే. మీరు వచ్చిన దారికి దుప్పి అడ్డం వస్తే, మీరు ఎదురుగాలికి కూర్చున్నా సరే, నేల వాసన చూసి ఆగిపోతుంది. తోలు చెమట పీల్చి దాచుకుంటుంది, కాబట్టి తోలు బూట్లు వద్దు. రబ్బరు గమ్ బూట్లు వాసన విషయంలో మంచివే, కానీ కొండ రాళ్ల మీద జారతాయి, ఎండాకాలం కాలు ఉడికిపోతుంది. చేల మీద, తడి గట్ల మీద గమ్ బూట్లు, రాతి నేల మీద కాన్వాసు బూట్లు అని నా లెక్క. చేలో చెప్పులతో తిరగకండి, రక్తపింజర్లు ఉండే చోట అది పిచ్చిపని.

కాన్వాసు బూట్లని లోపలి అట్టలు తీసి విడిగా కుంకుడు రసంలో ఉతకండి. ఆరాక లోపల చెంచాడు వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున దులిపేయండి. ముఖ్యమైన సంగతి, ఇంటి దగ్గర బూట్లు వేసుకోకండి. చెప్పులతో వెళ్లి, చేను చేరాక మార్చుకోండి. ఇంటి నుంచి వేసుకెళితే బండి పెడళ్ల మీది ఆయిలు, పెట్రోలు బంకు నేల మీది పెట్రోలు, టీ కొట్టు ముందు ఒలికిన పాలు అన్నీ అట్టకి అంటుకుని మీతో వస్తాయి.

దుప్పుల దారి మీద నడవొద్దు. వాటి దారి ఇట్టే తెలుస్తుంది. సన్నగా, గట్టిగా తొక్కిన నేల, రెండు గిట్టల గుర్తులు, నల్లటి పెంటికలు. ఆ దారికి దూరంగా చుట్టూ తిరిగి మీ చోటికి చేరండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పర్లేదు.

కెమెరా సామాను

బట్టలు ఉతికినవాళ్లు కూడా కెమెరా బ్యాగు ఉతకరు. ఆ బ్యాగు పెళ్లిళ్లకి వెళ్లింది, బస్సు సీటు కింద పెట్టింది, లోపల ఎప్పటిదో బిస్కెట్ల పొడి ఉంది. దాని వీపు పట్టీలోని స్పాంజి మీ చెమటని ఏళ్లుగా తాగింది.

బ్యాగు ఖాళీ చేసి, అడుగున దులిపి, సోడా నీళ్లతో తడిపిన గుడ్డతో లోపలా బయటా తుడవండి. భుజం పట్టీలని విడిగా తీయగలిగితే తీసి నానబెట్టండి. రెండు రోజులు ఎండలో మూత తెరిచి ఉంచండి. మెడలో వేసుకునే కెమెరా పట్టీ అన్నిటికంటే మురికిది, మెడ చెమటంతా దాని మీదే. దాన్ని ఉతకండి, కుదరకపోతే నూలు తాడు కట్టుకోండి. కెమెరాకి, లెన్సుకి మాత్రం సోడా నీళ్లు తగలకూడదు. లెన్సు తుడిచే మందు వాసన గుప్పుమంటుంది, అందుకని ముందురోజే తుడిచి పెట్టుకోండి, అక్కడ పొడి గుడ్డే వాడండి. ట్రైపాడు కాళ్ల పైన ఉండే నల్ల స్పాంజి పట్టుని కూడా తుడవండి. స్పాంజి బాగా పాతదైతే తీసేసి గోనెపట్టా చుట్టుకోండి. కొత్త గోనెపట్టా అయితే రెండు రోజులు ఎండలో పడేసి దాని నూనె వాసన పోనివ్వండి.

ఒళ్లు, తిండి

కాపు రోజు కుంకుడుకాయతోనో, వాసన లేని సబ్బుతోనో స్నానం చేయండి. తలకి నూనె వద్దు, మొహానికి పౌడరు వద్దు. ఆడవాళ్లు మల్లెపూలు ఇంటి దగ్గరే వదిలేయాలి. మా చెల్లెలు మొదటిరోజు జడలోంచి పూలు తీసింది కానీ జడకున్న వాసన పోలేదు, కొంగు చుట్టుకుని కూర్చుంది. పెరుగన్నం తినండి. ఉల్లి, వెల్లుల్లి, ఆవకాయ ముందురోజు సాయంత్రం నుంచి మానితే ఊపిరిలో వాసన తగ్గుతుంది. బీడీ, సిగరెట్టు కాల్చేవాళ్లు ఆ రోజుకి మానాలి. పొగ బట్టల్ని, వేళ్లని, మీసాల్ని పట్టుకుని ఉంటుంది.

దోమల మందు దగ్గర మాత్రం నేను వాసన వైపు ఉండను. కుంట పక్కన సాయంత్రం దోమలు ముసురుకుంటాయి. నిండు చేతుల చొక్కా, తలకి గుడ్డ, మేజోళ్లలోకి దూర్చిన ప్యాంటుతో ముందు ప్రయత్నించండి. అప్పటికీ ఆగకపోతే చేతులకి, మెడకి మందు రాసుకోండి. దోమకాటు జ్వరం తెచ్చుకుని తీయాల్సిన ఫొటో లేదు. గాలి సరిగా చూసుకుని కూర్చుంటే ఆ వాసన దుప్పికి అందదు.

బండికి పెట్రోలు ముందురోజే పోయించుకోండి. కారైతే అద్దానికి వేలాడే సెంటు సీసా తీసి ఇంట్లో పెట్టండి. కాపు బట్టలు సంచిలోనే ఉంచి, చేను చేరాక మార్చుకోండి. నడక మెల్లగా సాగాలి. వేగంగా నడిచి చెమటలో తడిసి కూర్చుంటే రెండు రోజుల ఉతుకు పది నిమిషాల్లో పోతుంది. ఒక గంట ముందే చేరండి, తడి గుడ్డతో మెడ, చంకలు తుడుచుకుని ఆరనివ్వండి.

వాసన లేని మనిషికి ఉన్న ప్రమాదం

ఇది చదవకుండా దాటొద్దు. అడవి జంతువులు మనల్ని చూసి తప్పుకునేది చాలావరకు మన వాసన, చప్పుడు వల్లే. ఆ రెండూ తగ్గించుకుని పొదల మధ్య నడిస్తే ఎలుగుబంటికి మనం వస్తున్నట్టు తెలియదు. పది అడుగుల్లో ఎదురుపడ్డ ఎలుగు పారిపోకుండా మీద పడొచ్చు. వెలిగొండల్లో ఎలుగులు ఉన్నాయి, చిరుతలు ఉన్నాయి. అందుకని కాపు చోటు చేరేదాకా ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటూ, కర్రతో నేల తడుతూ నడవండి. కూర్చున్నాకే నిశ్శబ్దం. ఒంటరిగా వెళ్లొద్దు. కూర్చునే చోటికి వెనక వైపు చూపు తెరిచి ఉండాలి.

చీకటి పడ్డాక చేలగట్ల మీద నడిచి రావాల్సి వస్తే టార్చి నేల మీదే వేయండి. అడవి పందుల కోసం కొందరు దొంగతనంగా కరెంటు తీగలు లాగుతారు. మనుషులు కూడా వాటికి పోయారు. పొద్దునపూట చేను యజమానిని అడిగి, పక్క చేలవాళ్లని కూడా అడిగి తెలుసుకోండి. గట్టు వార తీగ ఉచ్చు కనపడితే దాన్ని ముట్టుకోకుండా ఫొటో తీసి, చోటు గుర్తు పెట్టుకుని అటవీశాఖ వాళ్లకి చెప్పండి.

దుప్పి ఏం చెబుతుందో చూడటం

కూర్చున్నాక ప్రతి పావుగంటకీ ఒక దూది పోగు వదలండి. గాలి తిరిగితే, దుప్పులు ఇంకా దూరంగా ఉండగానే లేచి వచ్చిన దారిన వెళ్లిపోండి. ఆ రోజు ఫొటో లేదు. కానీ వాటికి నీళ్లు ఉంటాయి.

చెట్ల మీద కొండముచ్చులు ఉంటే ఇంకా జాగ్రత్త. వాటి కింద దుప్పులు మేస్తుంటాయి, అవి రాల్చిన ఆకులు, కాయలు తింటాయి. కొండముచ్చు కళ్లు, దుప్పి ముక్కు కలిస్తే తప్పించుకోవడం కష్టం. కొండముచ్చు ఖక్ ఖక్ మంటే మీరు దానికి కనపడ్డట్టే. కొమ్మల మాటున కదలకుండా ఉండండి, చాలాసార్లు కాసేపటికి సర్దుకుంటుంది.

తల దించి తాగుతున్న దుప్పి ఒక్కసారిగా తల ఎత్తితే అనుమానం. చెవులు ముందుకి నిక్కబొడుచుకుని, నాలుకతో ముక్కు తడుపుకుంటే వాసన వెతుకుతోంది. తడి ముక్కుకి వాసన బాగా అంటుకుంటుంది. ఆ క్షణం షట్టరు నొక్కొద్దు, ఊపిరి కూడా మెల్లగా వదలండి. తోక పైకి లేచి కింది తెలుపు కనపడి, ముందుకాలు నేలని కొడితే ఇంకొక్క అడుగు దూరంలో ఉంది పరుగు. కణితి అయితే కాలు కొట్టి, గంట మోగినట్టు ఒక్క పెద్ద కూత పెడుతుంది, కోన అంతా వినిపిస్తుంది. మంద పోయిందనుకోండి. అది మళ్లీ వస్తుందేమోనని అక్కడే కూర్చోకండి. లేచి, కుంట కనపడని చోటికి, గాలికి దిగువన వెళ్లిపోండి. మీరు పోయాక చీకట్లోనైనా దిగుతాయి.

పిల్లదుప్పి పొదలో ఒంటరిగా పడుకుని కనపడితే అది తప్పిపోయింది కాదు. తల్లి మేతకి పోయింది. దగ్గరికి వెళ్లొద్దు, తాకొద్దు.

ఇంటికొచ్చాక అదే రాత్రి బట్టలు విప్పి గోమార్లు (పిడుదులు) ఉన్నాయేమో ఒళ్లంతా చూసుకోండి, మోకాళ్ల వెనక, నడుము దగ్గర ముఖ్యంగా. బట్టల్ని మామూలు బట్టల్లో కలపకుండా విడిగా నానబెట్టండి. బూట్లలో పాత పేపరు ఉండలు చుట్టి కుక్కండి, తడి లాగేస్తుంది. తర్వాత ఒక నోటు పుస్తకంలో రెండు ముక్కలు రాసుకోండి. ఏ నెల, నీడ ఎన్నింటికి పడింది, గాలి ఎన్నింటికి తిరిగింది, ఎన్ని దిగాయి, తాగాయా లేదా. ప్రతి కుంటకీ దాని లెక్క దానిదే, ఒక ఊరి కుంట లెక్క ఇంకో ఊరికి పనికిరాదు. మా మేనమామ చేను కుంటకి నా పుస్తకంలో ఏప్రిల్ రెండో వారం కింద ఇలా ఉంది: "నీడ నాలుగుంపావు. గాలి నాలుగున్నరకి కిందికి తిరిగింది. ఐదుంపావుకి తొమ్మిది దుప్పులు, రెండు పిల్లలు. అన్నీ తాగాయి."